పడవ ఇంజనుకూ ఓ ముక్కుంది!

2023 జూన్‌లో ఓ సోమవారం. పొద్దున్న ఆరింటికి ఫోన్ మోగింది. అక్క! అక్కావాళ్లు ఉండేది అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని ట్యాంపాలో. అక్కడప్పుడు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. 'ఈ వేళప్పుడు ఎందుకు చేసిందబ్బా' అనుకుంటూ ఎత్తాను.

"ఒరేయ్, నీళ్ల మధ్యలో ఉన్నాంరా. పడవ ఆగిపోయింది. మీ బావతో నువ్వే మాట్లాడు!"

నిద్రమత్తు మొత్తం వదిలిపోయింది. నేనేమో విశాఖపట్నంలో మంచం మీద. వాళ్లేమో ట్యాంపా బేలో పడవ మీద. నేను మాట్లాడి చేసేదేముంటుంది? కానీ అక్కకి కావాల్సింది సాయం కాదు. సాయం కోసం బావ అప్పటికే రేడియోలో 16వ చానల్‌లో పిలిచాడు, లాక్కెళ్లే పడవ బయల్దేరింది కూడా. అది వచ్చేదాకా గంటన్నరపాటు బావని తిట్టడానికి ఆవిడకో సాక్షి కావాలి. అంతే! వెనక నుంచి పిల్లల ఏడుపు వినిపిస్తోంది. ఇద్దరూ లైఫ్ జాకెట్లు వేసుకునే ఉన్నారని తెలిశాక నా గుండె కాస్త కుదుటపడింది.

ఈ శీర్షికలో ఇన్నాళ్లూ మిక్సీలూ, గీజర్లూ, స్కూటర్లే తప్ప పడవల ఊసు రాలేదు. ఈ వారం మాత్రం తప్పదు. ఎందుకంటే ఆ రాత్రి అంత గొడవకీ కారణం బొటనవేలంత వస్తువు. అలాంటిదే ఒకటి మీ ఇంటి ముందున్న బండిలోనూ ఉండి ఉంటుంది.

అసలు జరిగిందేంటంటే... బావ ఓ పాత పడవ కొన్నాడు. దాని వెనక తగిలించే ఇంజను 1998 నాటిది. రెండొందల హార్స్‌పవర్, టూ స్ట్రోక్. కంపెనీ పేరెందుకులెండి! ఇలా పడవ బయట వేలాడే ఇంజన్లని అవుట్‌బోర్డ్ అంటారు. ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లో వీటిని అమ్మకానికి తెచ్చాడు. అప్పటినుంచి చేపల వేటకైనా, షికారుకైనా ఇవే దిక్కు. ఆ ఆదివారం అక్కావాళ్లు ట్యాంపా బే ముఖద్వారంలో ఉన్న ఎగ్మాంట్ కీ దీవికి వెళ్లారు. 1858లో కట్టిన దీపస్తంభం ఉందక్కడ. పడవలో తప్ప చేరలేని చోటు. పోనూ రానూ కలిపి 35 మైళ్ల పైమాటే.

బావ లెక్కల మనిషి. పాత ప్రయాణాల్ని బట్టి 14 గ్యాలన్లు చాలని తెలుసు. పడవ వాళ్లకో సూత్రం ఉంది... ఇంధనంలో ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, మరో వంతు ఆపదకి. ఆ లెక్కన 21 గ్యాలన్లు ఉండాలి. దాదాపు ఖాళీ అయిన ట్యాంకులో 20 పోయించాడు. సూత్రం పాటించినట్టే కదా! తీరా తిరిగొస్తుంటే స్కైవే వంతెన దీపాలు కళ్లముందు కనిపిస్తుండగా ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ట్యాంకు పొడి. గేజి చూసుకోలేదా అంటారేమో. అలలమీద పడవ ఊగుతుంటే ట్యాంకులో పెట్రోలూ ఊగుతుంది, ముల్లూ ఊగుతుంది. దాన్ని నమ్మేవాళ్లు తక్కువ.

ఆ వంతెన కిందనుంచే పెద్దపెద్ద సరుకు ఓడలు ట్యాంపా రేవుకి వెళ్తుంటాయి. చీకటి పడుతోంది. ఇంజను లేని పడవ అలలు ఎటు తోస్తే అటు పోతుంది. బావ చేసిన మంచి పనేంటంటే, ముందు లంగరు వేశాడు. దీపాలు వెలిగించాడు. ఆ తర్వాతే రేడియో అందుకున్నాడు. ఈ వరసని అక్క ఇప్పటికీ మెచ్చుకుంటుంది. మిగతావేవీ మెచ్చుకోదు.

గాలి ఎక్కువా, పెట్రోలు ఎక్కువా?

14 తాగాల్సిన ఇంజను ఇరవైకి ఇరవై ఎందుకు తాగేసింది? మర్నాడు బావ స్నేహితుడొకాయన వచ్చి విని, క్షణం ఆలోచించకుండా తేల్చేశాడట. "ఆక్సిజన్ సెన్సర్ పోయింది. మార్చెయ్!" బావ రెండొందల డాలర్ల పైచిలుకు పెట్టి కొత్తది తెప్పించి బిగించాడు. ఫలితం? మార్పు లేదు. అదే నల్లటి పొగ, అదే పెట్రోలు వాసన.

ఈ సెన్సర్ చేసే పని అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్లాలి. గ్యాసు పొయ్యికి గాలి సరిగ్గా అందితే మంట నీలంగా ఉంటుంది. అందకపోతే పసుపుపచ్చగా లేచి గిన్నె అడుగున మసి పడుతుంది. ఇంజనులోనూ ఇదే తంతు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే మసి, ఖర్చు. తక్కువైతే అంతకంటే ప్రమాదం, వేడెక్కి పిస్టనే కరిగిపోవచ్చు. పొయ్యి మంటని మనం చూస్తాం. ఇంజను లోపలి మంటని ఎవరు చూస్తారు? అందుకే పొగలో ఓ ముక్కు పెట్టారు. చూడ్డానికి స్పార్క్ ప్లగ్గులా ఉంటుంది. లోపల జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం. దానికి ఒకవైపు పొగ, మరోవైపు బయటి గాలి. రెండువైపులా ఆక్సిజన్‌లో తేడా ఉంటే ఆ తేడాని బట్టి చిన్న వోల్టేజీ పుడుతుంది. పొగలో ఆక్సిజన్ బొత్తిగా లేకపోతే, అంటే పెట్రోలు ఎక్కువైతే, 0.9 వోల్టు దాకా వస్తుంది. ఆక్సిజన్ మిగిలిపోతే 0.1కి పడిపోతుంది. ఇంజను కంప్యూటర్ ఆ అంకె చూసి పెట్రోలు పెంచడమో, తగ్గించడమో చేస్తుంది.

దీని వెనకున్న శాస్త్రం పాతదే. వాల్తేర్ నెర్న్‌స్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దం చివర్లోనే జిర్కోనియా కలిపిన కడ్డీతో దీపం చేశాడు. ఈయనకే 1920 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. బాష్ కంపెనీ చేసిన సెన్సర్‌ని 1976లో వోల్వో కార్లలో తొలిసారి పెట్టారు. ఆ తర్వాత పడవల్లోకీ వచ్చింది, అన్నిట్లోకీ కాదు. మన తీరంలో జాలర్లు వాడే చిన్న ఇంజన్లకి ఈ గొడవే లేదు. వాటికి కార్బురేటరే.

అయితే బావ ఇంజను కథని మలుపు తిప్పింది మాత్రం ఆ కార్బురేటర్ ఇంజన్ల మెకానిక్కే! మా విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఓ పెద్దాయన ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుగా అవుట్‌బోర్డ్ ఇంజన్లే బాగుచేస్తున్నాడు. ఏదో కథనం కోసం వెళ్లినప్పుడు పరిచయం. బావ గోడు ఆయన చెవిన వేశాను. సెన్సర్ అన్న మాట వినగానే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అవన్నీ నాకు తెల్దు బాబూ. ప్లగ్గులు ఇప్పి రంగు సూసాడేటి మీ బావగారు?"

చూడలేదు! రెండొందల డాలర్లు పెట్టాడు గానీ ప్లగ్గు విప్పలేదు. పెద్దాయన లెక్క చాలా తేలిక. ప్లగ్గు కొన కాఫీ పొడి రంగులో ఉంటే మంట బాగున్నట్టు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ. తెల్లగా కాలిపోతే తక్కువ. "ఒక్క ప్లగ్గే నల్లగుంటే ఆ సిలిండర్లో రోగం. అన్నీ నల్లగుంటే అందరికీ అన్నం ఒడ్డించేవోడి కాడ రోగం" అన్నాడు.

ఆ మాట ఫోన్లో చెప్పాను. బావ విప్పాడు. ఆరు సిలిండర్లకి ఆరూ నలుపే. అంటే వడ్డించేవాడే, అదే కంప్యూటరే, అందరికీ ఎక్కువ వడ్డిస్తున్నాడు. ఎందుకు వడ్డిస్తున్నాడు? 'ఆకలి, ఆకలి' అని ఎవరో అబద్ధం చెబుతుండాలి.

మీటరు పట్టుకుంటే...

అప్పుడు బయటికొచ్చింది మల్టీమీటరు. డిజిటల్‌దే వాడాలి. ముల్లు తిరిగే పాతరకం మీటరు సెన్సర్ ఇచ్చే ఆ కాస్త విద్యుత్తునీ తనే తాగేసి తప్పు అంకె చూపిస్తుంది. ఈ ఇంజనులో ఉన్నది నాలుగు తీగల సెన్సర్. రెండు తీగలు లోపలున్న చిన్న హీటరుకి. ఎందుకంటే ఈ పింగాణీ ముక్కు 300 డిగ్రీల సెల్సియస్ దాటితేగానీ వాసన పట్టదు. చల్లటి ఇంజను మీద పరీక్షించి 'చచ్చిపోయింది' అని తీర్మానించేవాళ్లు చాలామంది. మిగతా రెండిట్లో ఒకటి సంకేతం తీసుకెళ్లేది, ఒకటి ఎర్త్. ఏ రంగు తీగ దేనికన్నది కంపెనీ పుస్తకంలో చూసుకోవాల్సిందే. అన్ని కంపెనీలూ ఒకే రంగులు వాడవు.

ముందు హీటరు. సాకెట్ విప్పి ఆ రెండు తీగల మధ్య ఓంలు చూస్తే చాలు. కొన్ని ఓంలు చూపిస్తే బతికున్నట్టు. మీటరు ఏమీ చూపించకపోతే లోపల తెగినట్టు. బావది బాగానే ఉంది.

తర్వాత అసలు పరీక్ష. ఇంజను నడుస్తుండగా చూడాలి. ఇక్కడో హెచ్చరిక. ఒడ్డున పెట్టి అవుట్‌బోర్డ్ నడపాలంటే దానికి నీళ్లు పెట్టాలి. చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్ల లాంటి రెండు రబ్బరు దొప్పలు దొరుకుతాయి. వాటిని ఇంజను నీళ్లు పీల్చేచోట తగిలించి గొట్టం కలపాలి. నీళ్లు లేకుండా నడిపితే లోపలున్న రబ్బరు పంపు రెక్కలు కాసేపటికే మాడిపోతాయి. ప్రొపెల్లర్ తీసేయాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి, ఆరుబయటే చేయాలి. షెడ్డు తలుపు మూసి ఇంజను నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు.

పది నిమిషాలు వేడెక్కనిచ్చి, తీగ పైతొడుగు చీల్చకుండా సాకెట్ వెనకవైపు నుంచి సూది పిన్ను దూర్చి చూశాడు బావ. 0.1 వోల్టు. ఇంజను వేగం పెంచినా 0.1. తగ్గించినా 0.1. పొగలో ఇంత పెట్రోలు కంపు కొడుతుంటే సెన్సరేమో 'ఇక్కడంతా ఆక్సిజనే' అంటోంది! ఇది కొత్త సెన్సర్. కొత్తది కూడా పాతది చెప్పిన అబద్ధమే చెబుతోందా?

నిజానికి సెన్సర్ అబద్ధం చెప్పకుండానే మనల్ని తప్పుదోవ పట్టించే సందర్భాలున్నాయి. అది పెట్రోలు వాసన పట్టదు. ఆక్సిజన్ ఒక్కటే పడుతుంది. ఒక ప్లగ్గు మంట వేయడం మానేసిందనుకోండి, ఆ సిలిండర్లో గాలీ పెట్రోలూ అలాగే బయటికొచ్చేస్తాయి. ఆ గాలిలోని ఆక్సిజన్ చూసి సెన్సర్ 'పెట్రోలు తక్కువైంది' అంటుంది. పొగ గొట్టానికి సెన్సర్ కంటే ముందు చిన్న కన్నం పడి బయటి గాలి లోపలికి చొరబడినా ఇదే మాట. ఇవి రెండూ చూసుకోకుండా సెన్సర్లు మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది గానీ జబ్బు పోదు. బావ ఈ రెండూ చూశాడు. ప్లగ్గులన్నీ మంట వేస్తున్నాయి. కన్నాలు లేవు.

అప్పుడు పాత సెన్సర్‌ని చెత్తబుట్టలోంచి తీశాడు. అదృష్టం, ఆ వారం చెత్త బండి రాలేదు! దాన్ని వైస్‌లో బిగించి, మీటరు తగిలించి, ప్లంబర్లు వాడే చిన్న గ్యాసు టార్చితో కొనని వేడిచేశాడు. మంట మధ్యలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి వోల్టేజీ పెరగాలి. పెరిగింది. ఎర్రబడేసరికి 0.8 దాటింది. మంట తీసేయగానే చటుక్కున పడిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ లేచింది. ముసలి సెన్సర్లయితే ఈ లేవడం, పడడం బద్ధకంగా చేస్తాయి. ఇది పడుచుదానిలా గెంతుతోంది.

అంటే చెత్తబుట్టలో వేసింది నిక్షేపం లాంటి సెన్సర్‌ని! ఆ సంగతి అక్కకి వెంటనే చెప్పలేదట. నాకు మాత్రం చెప్పాడు. "బావా, ముక్కు మంచిదే. మరి వాసన ఎందుకు రావట్లేదంటావ్?"

ముక్కు రంధ్రం

జవాబు ఆ ఇంజను కట్టుబడిలోనే ఉంది. టూ స్ట్రోక్ ఇంజనులో కొత్త మిశ్రమం లోపలికొస్తూ పాత పొగని బయటికి నెడుతుంది. ఆ తోపులాటలో కొత్త గాలి కూడా కొంత కాలకుండానే పొగ గొట్టంలోకి జారిపోతుంది. కాబట్టి గొట్టంలో ముక్కు పెడితే ఎప్పుడూ ఆక్సిజనే తగులుతుంది. అందుకని ఆ ఇంజను చేసినవాళ్లు ఒక సిలిండర్ నుంచి సన్నటి దారి తీసి, కాలిన పొగని మాత్రమే కొంచెం పక్కకి మళ్లించి, ఓ చిన్న గదిలో సెన్సర్ పెట్టారు. మంచి ఆలోచనే. కానీ టూ స్ట్రోక్ అంటే పెట్రోలుతో పాటు ఆయిలూ మండుతుంది. ఏళ్ల తరబడి ఆ మసి జిగురులా ఆ సన్నటి దారిలో పేరుకుంటుంది. బావ విప్పి చూస్తే ఆ దారి పూర్తిగా పూడిపోయింది. పొగే చేరని గదిలో సెన్సర్‌కి రెండువైపులా గాలే. తేడా లేదు కాబట్టి వోల్టేజీ లేదు. కంప్యూటర్ దాన్ని 'పెట్రోలు తక్కువ' అని చదువుకుని ఇంకాస్త పోసింది. ఎక్కువ పోసేకొద్దీ ఎక్కువ మసి. ఎక్కువ మసి పట్టేకొద్దీ దారి ఇంకా బిగుసుకుంది.

కార్బన్ కరిగించే ద్రావకంలో నానబెట్టి, మెత్తటి తీగతో పొడిచి, గాలి కొట్టి శుభ్రం చేయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. బిగించాక మీటరు ముల్లు... కాదు, అంకె ప్రాణం పోసుకుంది. ప్లగ్గులు కూడా మార్చాడు. నల్లబడ్డవాటిని రుద్దుకుని వాడుకోవడం పిసినారితనం. ముందురోజు దాకా ఉన్న పొగ లేదు.

అన్నట్టు, నిజంగానే సెన్సర్ మార్చాల్సి వస్తే? బావ మొదటిసారి విప్పినప్పుడు పడ్డ తిప్పలు వింటే మీకు పనికొస్తాయి. ఉప్పునీటి ఇంజనులో అల్యూమినియం మీద ఉక్కు మర అతుక్కుపోతుంది. చల్లగా ఉండగా బలం ఉపయోగిస్తే మర అరిగిపోతుంది. ఇంజను కాసేపు నడిపి, చెయ్యి కాలనంత గోరువెచ్చగా అయ్యాక, తుప్పు వదిలించే నూనె వేసి, ఓపిగ్గా కాస్త ముందుకీ కాస్త వెనక్కీ తిప్పాలి. తీగలు బయటికి రావడానికి చీలిక ఉన్న సాకెట్ పానా అమ్ముతారు, అది లేకుండా మొదలెట్టొద్దు. కొత్తదాని మరకి అతుక్కోకుండా ఉండే పేస్టు పలచగా రాయాలి, కొనకి మాత్రం అంటకూడదు. కొన్నిటికి కంపెనీవాళ్లే రాసి పంపుతారు. దగ్గర్లో సిలికాన్ గమ్ము వాడొద్దు, దాని ఆవిరి ఈ పింగాణీకి విషం. కింద పడేస్తే లోపల పగిలి ఉండొచ్చు, పైకి కనపడదు.

ఇంకో చిత్రం ఉంది. తీగ తెగితే అందరం ఏం చేస్తాం? సోల్డరింగ్ చేస్తాం. ఈ సెన్సర్‌కి అది పనికిరాదు. పోల్చి చూడ్డానికి దానికి బయటి గాలి కావాలి కదా... చాలా సెన్సర్లలో ఆ గాలి తీగ పోగుల సందుల్లోంచే లోపలికి వెళ్తుంది! సీసం కరిగించి పోస్తే సందులు మూసుకుని ముక్కుకి ఊపిరాడదు. నొక్కి బిగించే కనెక్టర్లు వాడాలి. ఇది నాకూ తెలీదు, తెలిశాక రెండు రోజులు ఆఫీసులో కనపడ్డవాళ్లందరికీ చెప్పాను.

మరి మన ఇంటి ముందున్న బండి సంగతి? 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక అమ్ముతున్న బైకులు, స్కూటర్లలో దాదాపు అన్నిట్లోనూ ఈ సెన్సర్ ఉంది. మొన్న వానల్లో నా బైకు మీటర్లో పసుపుపచ్చ ఇంజను బొమ్మ వెలిగింది. మెకానిక్ కుర్రాడు కంప్యూటర్ తగిలించి, "ఓటూ సెన్సర్ కోడ్ చూపిస్తోంది సార్, మార్చేద్దామా?" అన్నాడు. ట్యాంపా జ్ఞానం అంతా ప్రదర్శించే అవకాశం వచ్చింది నాకు. "ముందు తీగలు చూడు తమ్ముడూ" అన్నాను. సీటు కింద ఎలుక ఒక తీగ కొరికేసింది. కుర్రాడు సోల్డరింగ్ గన్ అందుకోబోతుంటే ఆపాను. వాడు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయడం అనవసరం.

బావ సెప్టెంబరులో మళ్లీ ఎగ్మాంట్ కీ ప్రయాణం పెట్టాడు. అక్క ససేమిరా అంది. పిల్లలు గోల చేస్తే చివరికో షరతు మీద ఒప్పుకుంది... పెట్రోలు ఎంత పోయించిందీ రసీదు ముందు తన చేతికివ్వాలి. వెళ్లి చీకటి పడకముందే వచ్చేశారు. పద్నాలుగున్నర గ్యాలన్లు అయిందట. ఆ సాయంత్రం అక్క ఫొటో పంపింది. దీపస్తంభం ముందు పిల్లలిద్దరూ, వెనక బావ, పక్కనే అక్క. ఆవిడ చేతిలో మడతపెట్టిన చిన్న కాగితం. పెద్దది చేసి చూశాను. బంకు రసీదే. 25 గ్యాలన్లు!